మీరు రాసిచ్చిన చీటీ మా ఇంటికొచ్చాక: అనంతపురం జిల్లా డాక్టర్లకు బహిరంగ లేఖ

అనంతపురం జిల్లాలో వైద్యం చేస్తున్న డాక్టర్లందరికీ, ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ పెద్దలకూ నమస్కారం.

మాది తాడిపత్రి. నేను పక్క మండలంలో హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. మా నాయన నలభై ఏళ్లు బండల పని చేసినాడు. మొదట గనిలో నాపరాయి లేపే పని, తర్వాత పాలిష్ ఫ్యాక్టరీలో బండలెత్తి మిషను మీద పెట్టే పని. ఆ పని చేసినవాళ్ల నడుములు ఎట్లుంటాయో మీకు నేను చెప్పనక్కర్లేదు, రోజూ మీ ముందు బల్ల మీద కూర్చునేది వాళ్లే.

నేను ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి రాయలేదు. నాయనను చూసిన నలుగురు డాక్టర్లలో చెడ్డవారు ఒక్కరూ లేరు. ఒకాయన ఫీజు కూడా వద్దన్నారు. అయినా నాయన చావు గడపదాకా పోయి వచ్చినాడు. మీ చేత్తో రాసిన మాత్రలతోనే, దాదాపు మీరు చెప్పిన డోసులోనే. ఆ సంగతి ఆ నలుగురిలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. రోగి తలుపు దాటి పోయినాక ఏమైనాడో డాక్టరుకు తెలిసే దారి మన దగ్గర లేదు. అందుకే ఈ ఉత్తరం, నొప్పి మాత్రలు జాగ్రత్తగా రాయడం మీద శిక్షణ పెట్టమని అడగడానికి.

మూడేళ్ల కింద నడుము పట్టేస్తే ఎముకల డాక్టరు ట్రమడాల్, పారాసెటమాల్ కలిసిన మాత్ర రాసినారు. చీటీ మీద పది రోజులకే ఉంది. నొప్పి తగ్గింది. పదో రోజు నాయన ఖాళీ షీటు జేబులో పెట్టుకుని మెడికల్ షాపుకు పోయి చూపించినాడు, ఇంకో షీటు ఇచ్చినారు. అట్లా రెండేళ్లు. ఆపితే ఒళ్లంతా పీకుతుందని, చెమటలు పడతాయని అనేవాడు. నొప్పి తిరిగి వచ్చిందనే మేమందరం అనుకున్నాం.

తర్వాత మోకాళ్లు. ఈసారి వేరే డాక్టరు. టపెంటడాల్ 100 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. "ఇంకేమైనా మందులు వాడుతున్నావా?" అని ఆయన అడిగినారు. నేను పక్కనే ఉన్నా. "షుగర్ బిళ్ళలు సామీ" అన్నాడు నాయన. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్కలో నడుము మాత్ర నడుముకు, మోకాళ్ల మాత్ర మోకాళ్లకు. రెండూ నల్లమందు పనిచేసే చోటే పనిచేస్తాయని, మెదడుకు ఆ రెండూ ఒకటేనని మా ఇంట్లో ఎవరికి తెలుసు? బిళ్ళల రంగు వేరు, షీటు మీద పేరు వేరు.

నిద్ర పట్టడం లేదంటే ఇంకొకరు ఆల్ప్రజోలం రాసినారు. షుగరు వల్ల పాదాలు మంటలంటే నాలుగో ఆయన ప్రెగాబాలిన్ రాసినారు. ఒక్కో చీటీని విడిగా చూస్తే ఏ ఒక్కదాన్నీ తప్పు పట్టలేం. నాలుగూ ఒకచోట పెట్టి చూసినవాళ్లు లేరు.

మే నెలలో ఎండదెబ్బకు రెండు రోజులు వాంతులు, విరేచనాలు. అన్నం పోలేదు, మాత్రలు మాత్రం పోయినాయి. ఒళ్లు నొప్పులని ఒకటి ఎక్కువే వేసుకున్నాడు. సాయంత్రానికి మగతగా ఉన్నాడు. రాత్రి గురక మొదలైంది. మామూలు గురక కాదది, గొంతులో నీళ్లు గురగురమని తిరిగినట్లుండింది. లేపుదామా అంటే అమ్మ, "పండుకోనీలే మ్మే, ఎన్ని దినాలాయనో కంటినిండా నిద్రబోయి" అనింది. నేనూ సరేనని పోయి పండుకున్నా. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చేయి ఆగుతుంది.

తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ కేక. గోళ్లు నీలంగా ఉన్నాయి. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య నేను పది లెక్కపెట్టగలిగినా. 108 వచ్చింది. దగ్గర్లోని ఆసుపత్రిలో షుగరు పడిపోయిందేమో అని చూసినారు, పడిపోలేదు. పక్షవాతమేమో అని ఆక్సిజన్ పెట్టి అనంతపురం పంపినారు. అక్కడ ఎమర్జెన్సీలో డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ రెప్పలెత్తి టార్చి వేసి చూసింది. కనుపాపలు ఆవగింజంత ఉన్నాయి. "ఏం మాత్రలు వాడుతున్నాడు?" అని ఒకే ప్రశ్న వేసింది. ఇంట్లో ఉన్న తమ్ముడు ఫోన్లో ఒక్కో షీటు మీద పేరు కూడబలుక్కుని చదువుతుంటే, రెండో పేరుకే ఆమె నర్సును నాలోక్సోన్, అంటే నల్లమందు జాతి మందులకు విరుగుడు సూది, తెమ్మంది.

సూది నరంలోకి పోయిన రెండు నిమిషాలకు నాయన కళ్లు తెరిచి, "ఏం మ్మే, ఇంతమంది ఉండారే?" అన్నాడు. అమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. అంతా అయిపోయిందనుకున్నాం. ఆ డాక్టరమ్మ మాత్రం పక్కనుంచి కదల్లేదు. గంట తిరగకముందే మళ్లీ రెప్పలు వాలినాయి, మళ్లీ ఊపిరి మందగించింది. నాలోక్సోన్ పని 30 నుంచి 90 నిమిషాలే, లోపల ఉన్న మాత్రల పని అంతకంటే ఎక్కువసేపని ఆమె చెప్పింది. సెలైన్‌తో కలిపి వదులుతూ రెండు రోజులు కాపాడింది. ఆమెకు ఇది తెలిసి ఉండడం మా అదృష్టం. అనంతపురం చేరేదాకా ఇంకెవరికీ తట్టలేదు.

రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ పెరిగితే ఊపిరి తీయమని మెదడు అడుగున ఉండే మజ్జాముఖం ఆజ్ఞ ఇస్తుంది. నేను ఏటా పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే పాఠమే ఇది. ఓపియాయిడ్ మందులు, అంటే ట్రమడాల్, టపెంటడాల్ లాంటి నల్లమందు జాతి మందులు, ఆ మజ్జాముఖాన్నే మొద్దుబారుస్తాయి, ఆల్ప్రజోలం దాన్ని ఇంకా జోకొడుతుంది. ఈ రెండు రకాలూ కలిపితే ప్రాణాపాయమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లోనే పెట్టె కట్టి హెచ్చరిక ముద్రించమంది. ప్రెగాబాలిన్ లాంటి మందులతోనూ ఊపిరి మందగించవచ్చని 2019లో చెప్పింది. ఇక మా నాయన విషయంలో మూడో సంగతి కిడ్నీ. ప్రెగాబాలిన్ దాదాపు అంతా మూత్రంలోనే పోవాలి. ట్రమడాల్ నుంచి కాలేయం తయారుచేసే అసలు పనిచేసే పదార్థం కూడా కిడ్నీ గుండానే పోవాలి. రెండు రోజుల వాంతులు, విరేచనాలకు ఒళ్లు ఎండిపోయి కిడ్నీ ఎంత దెబ్బతిందో చెప్పే క్రియాటినిన్ ఆ రోజు 3 దాటింది. నిన్నటిదాకా సరిపోయిన డోసే ఆ రోజుకు ఎక్కువైంది. మన అనంతపురం ఎండల్లో, షుగరున్న ముసలివాళ్లకు ఇది ఏ వేసవిలోనైనా జరగొచ్చు.

ఇంటికొచ్చాక కాగితం తీసుకుని లెక్క వేసినా. ఏ ఓపియాయిడ్ అయినా ఎంత మార్ఫిన్‌కు సమానమో చెప్పే గుణకాలు ఉన్నాయి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2022 మార్గదర్శకాల ప్రకారం టపెంటడాల్‌కు 0.4, ట్రమడాల్‌కు 0.2. నాయన రోజుకు వేసుకున్న 200 మిల్లీగ్రాముల టపెంటడాల్ 80 మిల్లీగ్రాముల మార్ఫిన్‌కు సమానం. 37.5 మిల్లీగ్రాముల ట్రమడాల్ ఉన్న మాత్రలు మూడు, అంటే ఇంకో 22.5. మొత్తం 102.5. రోజుకు 50 దాటితే చాలామందికి నొప్పి అంతకు మించి పెద్దగా తగ్గదు, ప్రమాదం మాత్రం పెరుగుతుందని ఆ మార్గదర్శకాలే చెప్తున్నాయి. అయిదు నిమిషాల గుణకారం ఇది. హైస్కూలు టీచరు చేయగలిగింది. ఆ నలుగురిలో ఎవరైనా చేసి ఉండేవారే, చేయాలని ఎవరైనా వాళ్లకు నేర్పి ఉంటే.

ఇంకో తప్పు ఇంటికొచ్చాక జరిగింది. భయంతో అన్ని నొప్పి మాత్రలూ ఒక్కరోజే ఆగిపోయినాయి. మూడో రోజుకు నాయనకు ముక్కు కారడం, ఆగకుండా ఆవలింతలు, విరేచనాలు, కాళ్లు నిలవనీయని పీకుడు. అరవై నాలుగేళ్ల మనిషి గోడకు తల ఆనించి, "నన్ను చంపేయండి" అన్నాడు. ఇరుగుపొరుగులో ఒకరు, "మత్తుకు అలవాటు పడినాడు" అన్నారు. జీవితంలో చుక్క ముట్టని మనిషి ఆ మాట విని నాలుగు రోజులు వాకిలి దాటలేదు. చివరికి ఒక మానసిక వైద్యుడు విషయం అర్థం చేసుకుని, కొంచెం కొంచెంగా తగ్గిస్తూ ఎనిమిది నెలల్లో మాన్పించినారు. ఏడాదికి పైగా వాడినవాళ్లకు నెలకు పదో వంతు చొప్పున, అవసరమైతే ఇంకా మెల్లగా తగ్గించాలనే పద్ధతి ఉంది. మందు మొదలుపెట్టడం నేర్పినంత శ్రద్ధగా ఆపడం ఎవరూ నేర్పలేదనిపిస్తుంది నాకు. ఈ రెండోదే కష్టం.

డాక్టర్ల చేతి రాత ఎంత దూరం పోతుందో చెప్పే రెండు ఉత్తరాల గురించి చదివినా. మీలో చాలామందికి మొదటిది తెలిసే ఉంటుంది. 1980లో అమెరికాలోని ఒక పేరున్న వైద్య పత్రికలో బోస్టన్ నుంచి ఇద్దరు అయిదు వాక్యాల ఉత్తరం రాసినారు. ఆసుపత్రిలో ఉండగా ఇలాంటి మందు తీసుకున్న 11,882 మందిలో అలవాటు పడింది నలుగురేనని. అది ఆసుపత్రిలో పడక మీద ఉన్నవాళ్ల లెక్క. ఇంటికి పోయి నెలలు, ఏళ్లు వాడేవాళ్ల గురించి అందులో ఒక్క మాట లేదు. అయినా తర్వాతి రోజుల్లో ఆ అయిదు వాక్యాలనే చూపించి ఈ మందులు సురక్షితమని చెప్పుకుంటూ పోయినారు. 2017లో పరిశోధకులు లెక్కపెడితే ఆ ఉత్తరాన్ని 608 చోట్ల ఉదహరించినట్టు తేలింది. వాటిలో 72 శాతం, అలవాటు పడడం అరుదు అనడానికి దాన్నే సాక్ష్యంగా పెట్టుకున్నవి. ఆ ఏడాది ఒక్క అమెరికాలోనే ఓపియాయిడ్లు మోతాదు మించి 47,600 మంది పోయినారు. అప్పటికి చాలా చావులు దొంగచాటు ఫెంటనిల్ వల్లే. మొదలు మాత్రం చీటీల దగ్గరే.

రెండో ఉత్తరం నాకు ధైర్యం ఇచ్చింది. కాలిఫోర్నియాలోని శాన్ డియాగో కౌంటీలో మందుల మోతాదు మించి చనిపోయిన 170 మంది విషయంలో, వాళ్లకు అంతకుముందు ఏడాదిలో ఆ మందులు రాసిన 861 మంది వైద్యులను రెండు గుంపులు చేసినారు. ఒక గుంపుకు మరణ విచారణాధికారి సంతకంతో ఉత్తరం పోయింది. మీ పేషెంటు ఫలానా వారు మోతాదు మించి చనిపోయినారు, జాగ్రత్తగా రాసే పద్ధతులు ఇవీ, అని. నింద లేదు, బెదిరింపు లేదు. తర్వాతి మూడు నెలల్లో ఉత్తరం అందినవాళ్లు రాసిన ఓపియాయిడ్ మోతాదు, అందనివాళ్లతో పోలిస్తే 9.7 శాతం తగ్గింది. 2018లో ఈ ఫలితం అచ్చయింది. దాన్ని చదివినాకే నాకు అర్థమైంది, మీరు పట్టించుకోక కాదు, మీకు కబురే అందడం లేదని. మన దగ్గర అరవై దాటిన మనిషి నిద్రలో పోతే గుండెపోటు అంటాం, పీర్ల పండగకో ఉగాదికో మనతో కూర్చున్న మనిషే కదా అని ఏడ్చి, మధ్యాహ్నానికి మట్టి చేస్తాం. తలగడ కింద ఏ షీట్లున్నాయో చూసేవాళ్లుండరు. మా నాయన కూడా ఆ రాత్రి పోయి ఉంటే నేను అదే చెప్పి ఉండేదాన్ని.

ఇక నేను అడిగేది. వైద్య వృత్తి నియమావళి 2002 ప్రకారం మీరు అయిదేళ్లలో 30 గంటలు కొత్త విషయాలు నేర్చుకునే సదస్సుల్లో కూర్చోవాలి. ఆ 30లో మూడు గంటలు నొప్పి మందులకు కేటాయించండి. అమెరికా ఇంత నష్టపోయినాక, ఇలాంటి మందులు రాసే ప్రతి వైద్యుడూ 8 గంటల శిక్షణ పొందాలని 2022 చివర్లో చట్టం చేసి, 2023లో అమల్లోకి తెచ్చింది. మనకు అంత నష్టం జరగకముందే మూడు గంటలు చాలు. మందుల కంపెనీ ఖర్చుతో స్టార్ హోటల్లో వద్దు. మెడికల్ కాలేజీ హాల్లో, ఫార్మకాలజీ, ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే వైద్యం, మానసిక వైద్యం చెప్పే మన ప్రొఫెసర్లతోనే పెట్టండి. పల్లెల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక్కరే ఉండే డాక్టరును మాత్రం మరవొద్దు.

ఏం నేర్పాలో మీకు చెప్పేంత దాన్ని కాను. కానీ ఆ బల్లకు ఇవతల కూర్చున్నదాన్ని కాబట్టి కొన్ని చెప్తాను. "మందులేమైనా వాడుతున్నావా" అని అడగొద్దు, "ఇంట్లో ఉన్న షీట్లన్నీ సంచిలో వేసుకుని రా" అనండి. మా నాయన లాంటివాళ్లకు ఆ ప్రశ్నే అర్థమవుతుంది. నిద్రమాత్ర ఉందా, మందు తాగుతాడా, రాత్రి గురక పెడతాడా అని పక్కనున్న ఇంటావిడను అడగండి. కొత్తగా పట్టిన నొప్పికి మూడు రోజులకు మించి సాధారణంగా అవసరం పడదు, వారం దాటడం అరుదు అని ఆ అమెరికా కేంద్రం 2016 మార్గదర్శకాలు చెప్పినాయి. అలాంటప్పుడు చీటీలో రోజులతో పాటు మాత్రల సంఖ్య కూడా అక్షరాల్లో రాయండి, "మళ్లీ ఇవ్వరాదు" అని కింద రాయండి. ట్రమడాల్‌తో కొందరికి ఫిట్స్ వస్తాయని, షుగరున్నవాళ్లకు షుగరు పడిపోవచ్చని, 12 ఏళ్లలోపు పిల్లలకు అసలు వద్దని గుర్తు చేసుకోండి. వాంతులు, విరేచనాలైతే ఏ మాత్ర ఆపాలో ముందే చెప్పండి. ఇంటివాళ్లకు మూడు గుర్తులు చెప్పండి: లేపినా లేవకపోవడం, గొంతులో గురగుర, పెదాలో గోళ్లో నీలం కావడం. అవి కనిపిస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయాలని. ఇది చెప్పడానికి ఒక్క నిమిషం పడుతుంది. ఆ ఒక్క నిమిషం మా అమ్మకు ఎవరైనా ఇచ్చి ఉంటే ఆమె ఆ రాత్రి "పండుకోనీలే" అని ఉండేది కాదు.

ప్రతి ఆసుపత్రిలో, ప్రతి క్లినిక్‌లో నాలోక్సోన్ ఆంపూల్స్ ఉంచండి. అది జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నదే. అది ఉన్నా, కనుపాపలు చూడాలని తెలిసినవాళ్లు ఉండాలి.

మెడికల్ షాపు సోదరులకూ ఒక మాట. ట్రమడాల్, ఆల్ప్రజోలం రెండూ 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న హెచ్1 షెడ్యూలులో, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో, ఉన్నాయి. రాసిన డాక్టరు పేరు, కొన్నవారి పేరు, ఎన్ని ఇచ్చిందీ రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. 2018 నుంచి ట్రమడాల్ మత్తుమందుల చట్టం కిందికి కూడా వచ్చింది. ఖాళీ షీటు చీటీ కాదు. మీరు దయతోనే ఇచ్చి ఉంటారు, తెలుసు.

ఇంత చెప్పి ఒక భయం నాకు. ఈ ఉత్తరం చదివి ఎవరైనా డాక్టరు క్యాన్సర్ పేషెంటుకు మార్ఫిన్ రాయడం మానేస్తే నేను చేసింది పాపమే అవుతుంది. మా వీధిలో ఒక అవ్వ నోటి క్యాన్సరుతో పోయింది. కడపటి రెండు నెలలు ఆమె అరుపు వీధి చివరిదాకా వినపడేది. మార్ఫిన్ ఇస్తే కేసులవుతాయని ఎక్కడా ఇవ్వలేదని వాళ్ల కొడుకు చెప్పినాడు. 1985 మత్తుమందుల చట్టం వచ్చినాక దేశమంతా ఆ భయం పట్టుకుంది. 2014లో చట్టం సవరించి, ఆ తర్వాత మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్ అనే ఆరింటినీ అత్యావశ్యక నార్కోటిక్ మందులుగా వేరు చేసినారు. ఒక్క గుర్తింపు తెచ్చుకుంటే ఆసుపత్రి వాటిని ఉంచుకోవచ్చు. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన తోటివాళ్లు ఇళ్లకే మార్ఫిన్ మాత్రలు చేర్చి, నొప్పి తెలియకుండా మనుషుల్ని సాగనంపడం ఎట్లాగో చూపించినారు. మా నాయనకు అవసరం లేనన్ని మాత్రలు దొరకడం, పక్కింటి అవ్వకు అవసరమైన ఒక్క మాత్ర దొరక్కపోవడం, రెండూ ఒకే వీధిలో జరిగినాయి. అందుకే శిక్షణ అంటున్నా. నిషేధాలు, దాడులు అడగడం లేదు. పోలీసుల చేతికి పోతే ముందు మాయమయ్యేది అవ్వ మాత్రే. మీరు పెట్టే మూడు గంటల్లో ఒక గంట పూర్తిగా క్యాన్సర్ నొప్పికి ఇవ్వండి.

ఇప్పటికే మందు మానలేక ఇబ్బంది పడుతున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక్కరోజే ఆపొద్దు. డాక్టరు దగ్గరికి పోయి, మాత్రల లెక్క ఉన్నదున్నట్టు చెప్పండి. మత్తుమందు మానడానికి సాయం చేసే ప్రభుత్వ నంబరు 14446కు ఫోన్ చేస్తే దారి చెప్తారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, మా నాయన ఇప్పుడు పొద్దున్నే పెన్న గట్టుదాకా నడిచి వస్తున్నాడు. మోకాళ్లు నొప్పే. కట్టు కట్టుకుని, ఫిజియోథెరపీ వ్యాయామాలు చేసుకుంటూ నడుస్తాడు.

ఆ నాలుగు చీటీలు, ఖాళీ షీట్లు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం నా దగ్గర ఒక కవర్లో ఉన్నాయి. మీరు శిక్షణ పెట్టిన రోజు డాక్టర్ల పేర్లు కనపడకుండా కాగితం అంటించి తీసుకొస్తాను. నాయన కూడా వస్తానన్నాడు. ఆదివారమైతే నాకు సెలవు పెట్టే పని ఉండదు.

ఇట్లు,
తాడిపత్రి నుంచి ఒక బండల పనివాడి కూతురు